కొండ ఎత్తు కాదు తమ్ముడూ, ఇంటి నుంచి దూరం చూడు

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది తిరుపతి, కొర్లగుంట. ఎమ్మెస్ అయిపోయి ఈ ఆగస్టులో న్యూజెర్సీలో ఉద్యోగంలో చేరాను, ఓపీటీ మీద, అంటే చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే కొన్నాళ్ళు పనిచేసే అనుమతి మీద ఉన్నాను. క్రిస్మస్ సెలవుల్లో రూమ్మేట్లు నలుగురం స్కీయింగ్‌కు పోదామనుకుంటున్నాం. ఇద్దరు కొలరాడో అంటారు, ఒకడు కెనడా అంటాడు, నేను ఎటూ తేల్చుకోలేకుండా ఉన్నాను. మాలో ఎవరమూ ఇంతవరకు స్కీలు తొడిగింది లేదు. ఎట్లాగూ ఒక్కసారే కదా, డబ్బు గురించి మరీ ఆలోచించడం లేదు. ఏ కొండకు పోతే బాగుంటుంది?

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరం అందేసరికి నేను మన తిరుపతిలోనే ఉన్నాను. అమ్మను చూసిపోదామని మూడు వారాల సెలవు మీద వచ్చాను. నాలుగు రోజులుగా విడవకుండా వాన. కపిలతీర్థంలో నీళ్ళు బాగా దూకుతున్నాయని పొద్దున పాలు పోసే ఆయన చెప్పిపోయాడు. వరండాలో కూర్చుని రాస్తున్నాను. ఈ వాన చప్పుడు వింటుంటే నీకు చెప్పాల్సిన సంగతే మనసులో మెదులుతోంది.

నువ్వు కొండల పేర్లు అడిగావు, చెప్తాను. ముందు నీ ఆఖరి మాట సంగతి చూద్దాం. ఒక్కసారే కదా, డబ్బు గురించి ఆలోచించడం లేదు అన్నావు. 2003 డిసెంబరులో నేనూ ఇదే మాటన్నాను. ఆ మాట తాలూకు బాకీ తీరడానికి 22 నెలలు పట్టింది.

అప్పుడు నాకు ఉద్యోగం వచ్చి ఐదు నెలలు. న్యూజెర్సీలోనే ఎడిసన్‌లో ఆరుగురం ఒకే అపార్ట్‌మెంటులో ఉండేవాళ్ళం. చలికాలం వస్తే ఆఫీసులో ఎక్కడ చూసినా స్కీయింగ్ కబుర్లే. సోమవారం పొద్దున కాఫీ దగ్గర వాళ్ళు మాట్లాడుకుంటుంటే ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. మనమూ పోవాలి, పోతే పెద్ద కొండకే పోవాలి అని పట్టుపట్టాం. కొలరాడోలో బాగా పేరున్న రిసార్టు ఒకటి, దాని పేరు ఇప్పుడెందుకులే, క్రిస్మస్‌కూ కొత్త సంవత్సరానికీ మధ్య నాలుగు రోజులు. విమానం 380 డాలర్లు. గదిలో నా వాటా 420. కారులో నా వంతు 150. కొండ పైకి మోసుకుపోయే లిఫ్టులకు మూడు రోజుల టికెట్లు 210. స్కీలకూ బూట్లకూ అద్దె 100. ఒంటి మీదికి నేను తీసుకెళ్ళింది జీన్స్ ప్యాంటు, ఇక్కడ గాంధీ రోడ్డులో కొన్న స్వెటరు. మొదటి రోజు రెండు గంటలు తిరక్కముందే జీన్స్ నీళ్ళు పీల్చి మోకాళ్ళ దగ్గర అట్టలాగా గట్టిపడింది. పళ్ళు టకటకలాడుతుంటే కొండ కింద అంగడికి పరిగెత్తి జాకెట్టు, ప్యాంటు, గ్లవ్స్ కొన్నాను. 340 డాలర్లు. తిండికి ఇంకో 200. మొత్తం 1,800 డాలర్లు, పైసాతో సహా కార్డు మీదే. అప్పటి మారకంలో దాదాపు 82 వేల రూపాయలు.

అంత పోసి నేను చూసిన కొండ ఎంత? నేర్చుకునేవాళ్ళ కోసం అడుగున ఒక చిన్న వాలు ఉంటుంది. అక్కడ మ్యాజిక్ కార్పెట్ అని ఒకటి, కదిలే పట్టా లాంటిది. దాని మీద నిలబడితే మెల్లగా పైకి మోసుకుపోతుంది. కింది నుంచి పైదాకా మా వీధి పొడవు కూడా ఉండదు. స్కీల మీద ఉన్నంతసేపూ ఐదారేళ్ళ పిల్లల మధ్య ఆ వీధంత చోటులోనే పడుతూ లేస్తూ గడిపాను. పైన వేల ఎకరాల కొండ ఉంది, దానికి నేను డబ్బు కట్టాను, ఒక్కసారి కూడా పైకి పోలేదు. పోయినా దిగే చదువు నాకు లేదు. పాఠానికి వేరే డబ్బు కట్టాలంటే దండగనుకున్నాను. అన్నిటికీ పెట్టి, పెట్టాల్సిన ఒక్కదానికి పెట్టలేదు.

బూట్ల సంగతి కూడా విను, ఇది ఎవరూ చెప్పరు. చలికి భయపడి రెండు జతల మేజోళ్ళు వేసుకుని బూటు తొడిగాను. స్కీ బూటు మన బూటులాంటిది కాదు, గట్టి ప్లాస్టిక్ డొప్ప, మీద నాలుగు బకిల్స్. రెండు మేజోళ్ళతో కాలు ఒత్తుకుపోయి రక్తం ఆడక వేళ్ళు ఇంకా చల్లబడ్డాయి. సాయంత్రం విప్పేసరికి పాదం మీద బకిల్ ఆనవాళ్ళు ఎర్రగా అచ్చుపడి ఉన్నాయి. పల్చటి ఉన్ని మేజోడు ఒక్కటే వేసుకోవాలి, మోకాలి దాకా వచ్చేది. నిటారుగా నిలబడితే వేళ్ళు బూటు ముందు భాగానికి తగలాలి, మోకాళ్ళు వంచితే వెనక్కి జరగాలి. అదీ సరైన సైజు.

అద్దె తీసుకునేటప్పుడు కాగితం ఒకటి నింపమంటారు. నీ బరువు, ఎత్తు, వయసు, నీకు వచ్చిన పని ఎంత అని అడుగుతారు. మొహమాటపడి కొత్తవాణ్ణి అని రాయలేదు నేను, ఒక మెట్టు పైది టిక్ పెట్టాను. ఆ వివరాలను బట్టే స్కీకి బూటును పట్టి ఉంచే బిగింపు ఎంత గట్టిగా ఉండాలో తిప్పుతారు. పడినప్పుడు స్కీ ఊడిపోవాలి, ఊడకపోతే కాలు దాంతోపాటే మెలిపడుతుంది. రెండో రోజు మధ్యాహ్నం నాకు అదే జరిగింది. మోకాలు కొబ్బరికాయంత వాచింది. దేవుడి దయ, లిగమెంట్ తెగలేదు, వారం రోజులు కుంటాను. నువ్వు మాత్రం ఆ కాగితంలో ఒక్క అక్షరం అబద్ధం రాయొద్దు.

ఇక కార్డు బిల్లు. నెలకు 100 డాలర్లు కడుతూ వచ్చాను. వడ్డీ ఏడాదికి 19 శాతం. అట్లా 22వ నెలలో తీరింది, వడ్డీ ఒక్కటే 330 డాలర్ల పైమాట. అప్పు చేసి పప్పు కూడు అని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఆ మధ్యలో ఒక నవంబరులో నాయన ఫోన్ చేసి, మిద్దె కారుతోందిరా, ఈ వానలకు ముందే పైన పూత వేయించి ఉండాల్సింది, వీలైతే ఒక 30 వేలు పంపు అన్నాడు. వచ్చే నెల పంపుతా నాయనా అన్నాను. ఆ వచ్చే నెల మళ్ళీ అదే మాట. ఆయన మూడోసారి అడగలేదు. వానలన్నాళ్ళూ వంటింట్లో తపేలాలు, చెంబులు పెట్టి నీళ్ళు పట్టారని తర్వాతి ఏడు ఇంటికొచ్చినప్పుడు అమ్మ చెప్పింది. "నువ్వు యాడో మంచులో ఉండావని మీ నాయన ఆ ఫోటో అందరికీ చూపిస్తా ఉండె. అప్పు చేసినావని మాకేం తెలుసు" అనింది. ఇప్పుడు ఈ మిద్దె మీద మంచి పూత ఉంది, నేనే వేయించాను. నాయన లేడు.

నీకు చదువు అప్పు ఉందో లేదో నువ్వు రాయలేదు. తిరుపతి నుంచి ఎమ్మెస్‌కు వచ్చే పిల్లల్లో ఎక్కువమందికి బ్యాంకులో ఇంటి కాగితాలు ఉంటాయని నాకు తెలుసు. అందుకే ఇంత చెప్తున్నాను.

సరే, కొండలు. నీకు కావాల్సింది 300 అడుగుల వాలు, ఒక మంచి గురువు. అది దొరికే చోటు నీ ఇంటికి ఎంత దగ్గరుంటే అంత మేలు. నువ్వుండేది న్యూజెర్సీ కదా, ఈస్ట్ రూథర్‌ఫర్డ్‌లో అమెరికన్ డ్రీమ్ మాల్ లోపలే బిగ్ స్నో అని ఇండోర్ కొండ ఉంది, 2019 డిసెంబరులో తెరిచారు. ఏడాది పొడుగునా లోపల మైనస్ 2 డిగ్రీల చలి, నిజమైన మంచు. స్కీలు, బూట్లే కాదు, జాకెట్టూ ప్యాంటూ కూడా అద్దెకు దొరుకుతాయి. ముందు ఒక పూట అక్కడికి పోయి రండి నలుగురూ. ఈ ఆట మీకు నచ్చుతుందో లేదో రెండు గంటల్లో తెలిసిపోతుంది. కొలరాడో పోయిన మా ఆరుగురిలో ఇద్దరు మొదటి రోజు తర్వాత మళ్ళీ స్కీలు ముట్టలేదు. వాళ్ళకీ 1,800 పోయింది.

నచ్చితే పెన్సిల్వేనియాలో పోకొనోస్ వైపు పోండి. క్యామెల్‌బ్యాక్, బ్లూ మౌంటెన్ లాంటివి గంటన్నర, రెండు గంటల దారి. పొద్దున పోయి రాత్రికి ఇంటికి రావచ్చు, గది ఖర్చు లేదు. అక్కడా, ఇంకా ఉత్తరాన వెర్మాంట్ రాష్ట్రంలోనూ చాలా కొండల్లో కొత్తవాళ్ళకు పాఠం, స్కీల అద్దె, అడుగు వాలు వరకే పనికొచ్చే టికెట్టు మూడూ కలిపి ఒక ప్యాకేజీ ఇస్తారు. అదే అడుగు, పూర్తి కొండ టికెట్ కొనొద్దు. దారులకు గుర్తులుంటాయి. ఆకుపచ్చ గుండ్రం సులువు, నీలం చదరం మధ్యరకం, నల్ల డైమండ్ కష్టం. మొదటి ఏడాది ఆకుపచ్చ దాటొద్దు.

క్రిస్మస్ వారం మాత్రం వద్దు. ఆ వారం, జనవరిలో మార్టిన్ లూథర్ కింగ్ సెలవు, ఫిబ్రవరిలో ప్రెసిడెంట్స్ డే, ఈ మూడింటికీ ధరలు ఆకాశంలో ఉంటాయి. పైగా డిసెంబరులో న్యూజెర్సీ చుట్టుపక్కల కొండల మీద ఎక్కువగా ఉండేది యంత్రాలతో చల్లిన మంచే. బాగా గడ్డకట్టే చలి ఉంటేనే దాన్ని చల్లగలరు, నడుమ వాన పడి మళ్ళీ గడ్డకడితే జారుడు గచ్చే మిగులుతుంది. కొత్త సంవత్సరం హడావుడి అయిపోయాక జనవరిలో ఒక మంగళవారం, బుధవారం సెలవు పెట్టు. జనం ఉండరు, గురువుకు నీ మీద దృష్టి ఉంటుంది, రేటు దిగుతుంది.

రెండో ఏడు వెర్మాంట్. మౌంట్ స్నో, ఒకీమో, కిల్లింగ్టన్, నాలుగైదు గంటల ప్రయాణం. అప్పటికి నీలం దారులు దిగగలిగితే, మూడో ఏడు పడమటి వైపు పో. అప్పుడు కూడా నేనైతే కొలరాడోకు ముందు యూటా అంటాను. సాల్ట్ లేక్ సిటీ విమానాశ్రయం నుంచి గంట లోపే బ్రైటన్, సాలిట్యూడ్, స్నోబర్డ్ చేరుకోవచ్చు. ఊళ్ళో మామూలు హోటల్లో ఉండి బస్సులో కొండకు పోవచ్చు, కారు అద్దె కూడా మిగులుతుంది. అక్కడే ఉన్న ఆల్టా మాత్రం స్కీలకే, రెండు కాళ్ళూ ఒకే పలక మీద పెట్టి జారే స్నోబోర్డును రానివ్వరు.

కొలరాడో గొప్పది కాదని నేననను. కానీ ఎత్తు చూడు. మన తిరుమల సుమారు 3 వేల అడుగులు, మనకు చల్లగా అనిపించే హార్స్‌లీ హిల్స్ 4 వేల పైచిలుకు. బ్రెకెన్‌రిడ్జ్‌లో ఊరే 9,600 అడుగుల మీద ఉంటుంది, కొండ కొస దాదాపు 13 వేలు. నేను దిగిన రాత్రి తల పగిలిపోయింది, అన్నం సహించలేదు, నిద్ర లేదు. నాలుగు రోజుల సెలవులో ఒకటిన్నర రోజు ఆ తలనొప్పితోనే గడిచింది. పోయేవాళ్ళు డెన్వర్‌లో ఒక రాత్రి ఉండి, నీళ్ళు బాగా తాగి, అప్పుడు పైకెక్కాలి. డెన్వర్ నుంచి కొండలకు పోయే ఐ-70 రోడ్డు శనివారం పొద్దున కదలదు, సెప్టెంబరు నుంచి మే దాకా కారు టైర్లకు నిబంధనలు కూడా ఉన్నాయి. వెయిల్ లాంటి చోట రద్దీ రోజుల్లో కిటికీ దగ్గర కొనే ఒక్క రోజు టికెట్ 300 డాలర్లు దాటింది. ఎపిక్, ఐకాన్ అని చాలా కొండలకు పనికొచ్చే పాస్‌లు ముందుగా కొంటే చాలా తగ్గుతుంది, వాటి అమ్మకం మామూలుగా డిసెంబరులో ఆపేస్తారు. నీకు ఈ ఏడు ఏ పాసూ అక్కర్లేదు. ఎవరో కొన్నారని కొనొద్దు.

కెనడా అన్న అబ్బాయికి చెప్పు. దానికి వేరే వీసా కావాలి, ఓపీటీ మీద ఉన్నవాళ్ళు తిరిగి వచ్చేటప్పుడు కాగితాలన్నీ సరిగ్గా ఉండాలి. మీ యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసును అడిగితే చెప్తారు. అలాగే నీ ఇన్సూరెన్సులో డిడక్టిబుల్, అంటే వాళ్ళు ఇవ్వడం మొదలుపెట్టేలోగా నీ చేతి నుంచి పెట్టాల్సింది, ఎంతో పోయేముందే చూసుకో. కొండ మీద పడితే స్కీ పట్రోల్ అనే కొండ మీది సహాయక సిబ్బంది కిందికి తేవడానికి మామూలుగా డబ్బు తీసుకోరు, అక్కడి నుంచి ఆంబులెన్సు మీటరు మొదలవుతుంది.

తిండి ఇంటి నుంచే. చింతపండు పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో పెట్టుకోండి, చెనిక్కాయ ఉండలు జేబులో వేసుకోండి. చాలా కొండల్లో కింద లాడ్జిలో కూర్చుని సొంత తిండి తినొచ్చు. మా అమ్మాయి నల్ల డైమండ్ దారుల్లో దిగుతుంది, నేను నీలం దారుల్లో హాయిగా దిగుతాను, ఇవాళ్టికీ మా మధ్యాహ్న భోజనం పులిహోరే. ఇరవై ఏళ్ళుగా ఏ కార్డు మీదా నాకు బాకీ లేదు.

బట్టలు కొనొద్దు. ఎడిసన్‌లో మా గరాజ్‌లో అట్టపెట్టె ఒకటి ఉంది. అందులో జాకెట్లు మూడు, నీళ్ళు పట్టని ప్యాంట్లు రెండు, గాగుల్స్ ఉన్నాయి. 340 డాలర్ల ఆ నల్ల జాకెట్టు కూడా అందులోనే ఉంది, జిప్పు ఇంకా బాగానే పడుతుంది. డిసెంబరు రెండో వారానికి నేను తిరిగి వచ్చేస్తాను. ఒక ఆదివారం నలుగురూ రండి, కొలతలు చూసుకుని తీసుకుపోండి. వచ్చే ముందు మీ అమ్మగారికి ఫోన్ చేసి, ఈ వానలకు కొర్లగుంటలో ఇల్లు ఎట్లా ఉందో ఒకసారి అడుగు.