బడి సందేహాలు: ఒకటి, రెండు ఇక్కడ, మూడు నుంచి ఐదు అక్కడ?

ప్రశ్న: మాది దేవరకొండ డివిజన్‌లో ఒక ఊరు. ఊరి ప్రాథమిక బడిలో 28 మంది, ఎస్సీ కాలనీ బడిలో 26 మంది పిల్లలున్నారు. రెండింట్లోనూ ఐదు తరగతులున్నాయి. ఇప్పుడు ఒకటి, రెండు తరగతులు కాలనీ బడిలో, మిగతా మూడు ఊరి బడిలో పెడదామంటున్నారు. కొందరు సరేనంటుంటే, కొందరు పిల్లల్ని ప్రైవేటు బడి వ్యాను ఎక్కిస్తామంటున్నారు. ఏం చేయాలె?
(ఒక తల్లి)

జవాబు: ముందు లెక్క వేసుకోండి, తర్వాత పోట్లాడుకోవచ్చు.

ఇప్పుడు ఒక్కో బడిలో ఇద్దరు టీచర్లున్నారనుకుందాం. ఒక్కో టీచరు రెండు మూడు తరగతుల్ని ఒకే గదిలో కూర్చోబెట్టుకోక తప్పదు. మార్చాక ఒకటి, రెండు తరగతుల్లో 20 మంది ఉంటే తరగతికో టీచరు దొరుకుతారు. మిగిలిన 34 మందికి మూడు తరగతులు, ఇద్దరు టీచర్లు. అంటే లాభం ఎక్కువగా చిన్నపిల్లలకే. అక్షరం, అంకె కుదురుకునే వయసు కాబట్టి అది తక్కువ లాభమేం కాదు.

అసలు మెలిక యూడైస్ కోడ్‌లో, అంటే ప్రతి బడికీ సర్కారు ఇచ్చే గుర్తింపు నంబరులో ఉంది. విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది దాకా ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 దాకా ముగ్గురు. రెండు కోడ్‌లుంటే మీకు నలుగురు. ‘ఇక ఒకటే బడి కదా’ అని కోడ్‌లు కలిపేస్తే 54 మందికి ఇద్దరే. మిగతా ఇద్దరూ సర్దుబాటులో వెళ్లిపోతారు, కథ మొదటికొస్తుంది. రెండు కోడ్‌లూ, రెండు చోట్లా పోస్టులూ కొనసాగుతాయని మండల విద్యాధికారి (ఎంఈఓ) చేత రాతపూర్వకంగా ఇప్పించుకున్నాకే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలో తీర్మానం చేయండి. నోటిమాట ఆ అధికారి బదిలీ అయ్యేదాకే.

వంట లెక్క కూడా చూడండి. 25 మంది దాకా ఒక వంటమనిషి, 26 నుంచి 100 దాకా ఇద్దరు. ఇప్పుడు మొత్తం నలుగురు ఉండాలి. మార్చాక 20 మంది ఉన్నచోట ఒక్కరే, అంటే ఒకామె పని పోతుంది. పాఠాల పేరుతో సాగే గొడవలో ఇదీ ఉంటుంది. దాచకుండా అందరి ముందే మాట్లాడుకోవడం మేలు.

‘కాలనీ బడి దూరం’ అనేవాళ్లుంటే టేపు పట్టి చూపండి. ఇంటి గడప నుంచి బడి గేటు దాకా, నడిచే దారినే కొలవాలి. ప్రాథమిక బడి 1 కి.మీ. లోపు ఉండాలన్నది నిబంధన. 400 మీటర్లని తేలాక కూడా దూరమే అంటే, ఆ దూరం కాళ్లది కాదు, కులానిది. అదే దారిలో ఏఎమ్మార్పీ కాలువో, లారీలు తిరిగే రోడ్డో ఉంటే మాత్రం 400 మీటర్లయినా ఆ అభ్యంతరం న్యాయమే.

నాలుగో తరగతి అక్క ఒకటో తరగతి చెల్లిని దింపి తన బడికి పోవాలి కదా. రెండు చోట్లా గంట ఒకేసారి కొడితే ఆ పిల్ల రోజూ ఆలస్యమే. ప్రార్థన 15 నిమిషాల తేడాతో పెట్టమని అడగండి.

కోడ్‌లు వేరైతే రెండో తరగతి పూర్తయిన ప్రతి పిల్లకూ టీసీ కావాలి, పెన్ నంబరు (ప్రతి పిల్లకూ ఉండే శాశ్వత విద్యా నంబరు) కొత్త బడికి మారాలి. పాత బడి హెచ్‌ఎం ఆన్‌లైన్‌లో పేరు వదలకపోతే కొత్త బడిలో ఎక్కదు. పుస్తకాల, యూనిఫాం లెక్కలో ఆ పిల్ల ఉండదు. టీసీ వెంటనే ఇవ్వాలని విద్యాహక్కు చట్టంలోని 5వ సెక్షన్ చెబుతోంది.

ప్రశ్న: తండాలో బడి మూసి, పిల్లల్ని 2 కి.మీ. అవతలి ఊరికి పంపుతున్నారు. ఆటో కిరాయి ఎవరిస్తారు?

జవాబు: సమగ్ర శిక్ష అనే సర్కారు బడుల పథకంలో రవాణా భత్యం ఉంది, పిల్లకు ఏడాదికి రూ.6,000 వరకు. మీ పిల్లల పేర్లు హెచ్‌ఎం పంపే జాబితాలో ఉన్నాయో లేదో బడి తెరవగానే చూసుకోండి. లేకుంటే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణిలో అర్జీ పెట్టి రసీదు తీసుకోండి. జాబితా కోసం ఎంఈఓ ఆఫీసులో సమాచార హక్కు దరఖాస్తు వేయొచ్చు. మండల స్థాయిలో రుసుము రూ.5, దారిద్ర్యరేఖకు దిగువనున్న వాళ్లకు అదీ లేదు.

ప్రశ్న: ఆంధ్రాలో ఇట్లనే చేసి వెనక్కి తీసుకున్నారట, నిజమేనా?

జవాబు: నిజమే. 2022లో జీవో 117 కింద అక్కడ మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని దగ్గర్లోని హైస్కూళ్లకు తరలించారు. 2025లో ఆ జీవోను రద్దు చేశారు. ఒకటి, రెండు తరగతులే మిగిలిన బడులు చాలాచోట్ల ఒక్క టీచరుతో నడిచాయి. ఆయన సెలవు పెడితే ఆ రోజు బడికి దిక్కుండదు. పైన దేవరకొండ తల్లికి పోస్టుల సంగతి రాయించుకోమన్నది అందుకే.