పాట కట్టినవాడి పేరు రాయి

చిరంజీవికి ఆశీస్సులు.

తూర్పు యూరప్ యూదుల భాష యిడ్డిష్‌లో వచ్చిన నాటకాల పాటల మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. పాటల మీద నీకున్న ప్రేమ ప్రతి పేరాలోనూ తెలుస్తోంది. ఇబ్బందల్లా ఒక్కటే, మొదటి వాక్యం నుంచే శోకం ఎత్తుకున్నావు. 'కనుమరుగైన లోకం' అన్న మాట పేజీకోసారి వస్తోంది. ఆ భాష మాట్లాడే లక్షల మందిని తర్వాత నాజీలు చంపారు, అది మరిచిపోమని నేననను. కానీ 1900 ప్రాంతంలో న్యూయార్క్‌లో ఈ పాటలు కట్టినవాళ్లకి ముందేం జరగబోతోందో తెలియదు కదమ్మా. ఈ రాత్రి హాలు నిండాలి, పాట అచ్చయితే నాలుగు కాపీలు అమ్ముడుపోవాలి. వాళ్ల టెన్షన్ అది. అక్కణ్నుంచి మొదలుపెట్టు.

యిడ్డిష్ నాటకకర్త గోల్డ్‌ఫాడెన్ 1876లో రుమేనియాలోని యాష్ నగరంలో నాటకాలు మొదలుపెట్టడం, 1883లో రష్యాలో జార్ ప్రభుత్వం యిడ్డిష్ నాటకాలను నిషేధించడం, నటులు లండన్, న్యూయార్క్ దారి పట్టడం, ఇవన్నీ ఒక పేరాలో సరిపోతాయి. అయితే ఒక సంగతి వదలకు. గోల్డ్‌ఫాడెన్‌కు స్వరాలు రాసే నొటేషన్ రాదు. ప్రార్థనా మందిరంలో విన్న బాణీలు, ఆపెరా ముక్కలు, ఇళ్లలో పాడే జోలపాటలు, చెవిన పడ్డవన్నీ తెచ్చి నాటకంలో కలిపాడు. ఆయన నాటకం 'షులామిస్'లోని కిస్‌మిస్, బాదంపప్పుల జోలపాట అలా వచ్చిందే. అందులో ఊయల కింద నిలబడ్డ తెల్ల మేకపిల్ల అంతకుముందే జనం పాటల్లో ఉంది.

ఇక నువ్వు ఫోటోలు పెట్టిన ఆ షీట్ మ్యూజిక్, అంటే స్వరాలతో అచ్చేసి అమ్మిన పాటల కాగితాలు. వాటిని బొమ్మల్లా పెట్టి వదిలేశావు. చదవాలి. కవర్ మీద ఎవరి ముఖం ఉంది, పాడిన తారదా, స్వరకర్తదా? పియానోకి అనువుగా కూర్చింది ఎవరు? ప్రచురణకర్త అడ్రస్ ఏ వీధిలో ఉంది? స్వరాలు ఎడమ నుంచి కుడికి నడుస్తాయి, యిడ్డిష్‌ను రాసే హీబ్రూ లిపి కుడి నుంచి ఎడమకు. అందుకే స్వరాల కింద సాహిత్యాన్ని రోమన్ అక్షరాల్లో, తరచుగా జర్మన్‌ను తలపించే స్పెల్లింగుతో అచ్చువేసేవాళ్లు. హీబ్రూ లిపిలో పూర్తి పాట వేరేగా ఉండేది. వాయిదాల మీద పియానో కొనుక్కున్న వలస కుటుంబం ఆ కాగితాన్ని ఇంట్లో ఎలా వాడుకుని ఉంటుందో ఆలోచించు. నీ వ్యాసంలో అదెక్కడా లేదు.

స్వరకర్త శాండ్లర్ కథను ఒక్క వాక్యంలో ముగించడం నాకు బాధనిపించింది. 'ఏలీ ఏలీ'ని 1896లో ఒక నాటకం కోసం కట్టింది జాకబ్ కోపెల్ శాండ్లర్. రంగస్థలం మీద పాడింది సోఫీ కార్ప్. పల్లవి బైబిల్ 22వ కీర్తనలోని 'నా దేవా, నా దేవా' అన్న మొర కాబట్టి జనం దాన్ని తరతరాల పాటే అనుకున్నారు. పుట్టినప్పుడు కాపీరైట్ తీసుకోలేదు. ప్రచురణకర్తలు సంప్రదాయ గీతమని అచ్చేసుకున్నారు, యోసెలె రోసెన్‌బ్లాట్ లాంటి మహాగాయకులు పాడారు. పాట నాది అంటూ శాండ్లర్ 1920లలో కోర్టుకెక్కాడు. ఓడిపోయాడు. ఇంత జరిగాక నువ్వు కూడా అదే పాట కింద 'జానపదం' అని రాస్తే ఎలా? నాటకం పాటలన్నిటికీ ఆ ముద్ర వేయడం మానెయ్. ఎవరో ఒకరు కూర్చుని కట్టారు, చాలాసార్లు ఆ పేరు కవర్ మీదే ఉంటుంది.

దుఃఖం రాయాలనుకుంటే దానికీ చోటుంది. 1911 మార్చి 25న న్యూయార్క్‌లో ట్రయాంగిల్ బట్టల ఫ్యాక్టరీ తగలబడి 146 మంది చనిపోయారు. ఎక్కువమంది వలస వచ్చిన అమ్మాయిలు. అదే ఏడు ఆన్షెల్ షోర్ సాహిత్యం, జోసెఫ్ రుంషిన్‌స్కీ సంగీతంతో 'మామెన్యు' (అమ్మా) పాట ఆ మృతుల స్మృతిగీతంతో కలిసి అచ్చయింది. మరుసటి ఏడు టైటానిక్ మీద సాలమన్ స్మాల్ పాట వచ్చింది. కన్నీళ్లు ఆరకముందే అచ్చయి అంగడికి వచ్చిన పాటలివి. అలాగని ఆ దుఃఖం అబద్ధమని నేననుకోను. అమ్మకమూ ఏడుపూ ఒకే కాగితం మీద ఉన్నాయి, రెండూ రాయి.

స్వరకర్త షోలమ్ సెకుండా 1932 నాటి పాట 'బై మిర్ బిస్టు షేన్', 30 డాలర్లకు హక్కులు అమ్ముకున్న వైనం అందరూ రాసేదే, తీసేసినా నష్టం లేదు. ఆ జాగా శాండ్లర్‌కి ఇవ్వు. ప్రతి ఫోటో కింద స్వరకర్త, రచయిత, ప్రచురణకర్త, సంవత్సరం వెయ్యి. కాపీరైట్ కోసం జమచేసిన ప్రతులు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి, తేదీలు అక్కడ సరిచూసుకో. తిరగరాశాక పంపు, చదువుతాను.