బున్సెన్ బర్నర్ బున్సెన్ చేసిందేనా?

ప్రశ్న: స్కూల్ ల్యాబ్‌లో వాడే బున్సెన్ బర్నర్‌ని ఆయనే కనిపెట్టారా? ఇంకేమైనా చేశారా?

జవాబు: పూర్తిగా ఆయనదే అనలేం. గాలిని, గ్యాస్‌ని ముందే కలిపి మండించాలన్న ఆలోచన జర్మన్ రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ బున్సెన్‌ది, కానీ 1855 ప్రాంతంలో దాన్ని చేతులతో తయారుచేసి పెట్టింది హైడెల్‌బర్గ్ యూనివర్సిటీలో పనిచేసిన పీటర్ డెసాగా అనే మెకానిక్. పాపం, ఆయన పేరు ఎవరికీ గుర్తులేదు. పేటెంట్ మాత్రం బున్సెన్ తీసుకోలేదు.

నన్నడిగితే బర్నర్ కంటే దాని మంటతో చేసిన పనే గొప్పది. ఆ మంటకి దాదాపు రంగే ఉండదు కాబట్టి అందులో ఏ లవణం వేసినా దాని రంగు స్పష్టంగా తెలుస్తుంది. ఆ వెలుగుని బున్సెన్, భౌతిక శాస్త్రవేత్త కిర్కాఫ్‌తో కలిసి పట్టకంలోంచి చూస్తే ఒక్కో మూలకానికి ఒక్కో రకం గీతలు కనిపించాయి, మన వేలిముద్రల్లాగే. అలా 1860లో సీజియం, మరుసటి ఏడాది రుబీడియం అనే కొత్త మూలకాలు దొరికాయి. కాస్తంత సీజియం లవణం కోసం టన్నులకొద్దీ ఊటనీటిని మరిగించారట, ఎంత ఓపికో!

అంతకుముందే ఆర్సెనిక్ సమ్మేళనం పేలి బున్సెన్ కుడికన్ను పోయింది. అయినా ప్రయోగాలు మానలేదు.

అన్నట్టు, 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం రోజు ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ మన గుంటూరులో ఇదే పద్ధతిలో సూర్యుడి అంచున ఎగసే జ్వాలల్ని చూసి, అవి హైడ్రోజన్ వాయువని తేల్చాడు.