హైదరాబాద్-వైజాగ్ విమానం టికెట్ ఒక్కోసారి రైలు ఫస్ట్ ఏసీ ధరకే కనిపిస్తోంది. నిజంగా అంత డబ్బుతోనే ప్రయాణం అయిపోతుందా?

అయిపోతుంది. చేతిలో ఫోన్, జేబులో పర్సు తప్ప ఇంకేమీ లేకుండా వెళ్లి, అలాగే తిరిగి వస్తే నిక్షేపంగా అయిపోతుంది. మా అమ్మ లాంటి అమ్మ ఉంటే మాత్రం ఆశ వదులుకోండి.

పోయినేడాది మే చివర్లో గాజువాకలో మా ఇంటికి వెళ్లాను. తిరుగు టికెట్ 2,640 రూపాయలని చూసి మురిసిపోయాను. డబ్బు కట్టే దగ్గరికి వచ్చేసరికి కన్వీనియన్స్ ఫీజు అని మరో మూడొందల పైచిలుకు తగిలించారు. నా ఫోన్లో, నా డేటాతో, నా డబ్బు నేనే కడుతుంటే ఆ కన్వీనియన్స్ ఎవరికో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. పైగా టికెట్ రద్దు చేసుకుంటే అది వెనక్కి రాదు. సీటు దగ్గర ఇంకో నాటకం. బొమ్మలో ప్రతి సీటు మీదా ఒక రేటు, డబ్బు కట్టకుండా ముందుకెళ్లే దారేమో ఎక్కడో అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో. 12 ఏళ్లలోపు పిల్లలకు తల్లిదండ్రుల్లో ఒకరి పక్కనే సీటు ఇవ్వాలని 2024లో విమానయాన సంస్థల మీద పెత్తనం చేసే డీజీసీఏ ప్రత్యేకంగా చెప్పాల్సి వచ్చిందంటే, అంతకుముందు ఏం జరిగేదో మీరే ఊహించుకోండి.

సరే, అసలు కథ బ్యాగ్ దగ్గర మొదలైంది. కౌంటర్లో అప్పజెప్పే సామాను 15 కిలోలు, చేతి బ్యాగు 7 కిలోలు. ఈ లెక్క అమ్మకి ముందే చెప్పాను. "ఎంతరా, అన్నీ చిన్న చిన్నవే" అంది. ఆ చిన్నవి ఏమిటంటే, నాన్న పాత పంచెలో చుట్టిన ఆవకాయ జాడీ, మాడుగుల హల్వా, కందిపొడి, అనకాపల్లి బెల్లం అచ్చు ఒకటి. అచ్చే 3 కిలోలు.

కౌంటర్లో బ్యాగ్ పెట్టగానే కాటా 19.5 చూపించింది. "సర్, నాలుగున్నర కిలోలు ఎక్కువుంది. ఎక్సెస్ కట్టాలి" అంది ఆ అమ్మాయి. కిలోకి 600 పైనే. ఆవకాయ చేతి బ్యాగులో పెట్టుకుంటానంటే, కారం పచ్చళ్లు క్యాబిన్‌లోకి రానివ్వరంది. చేతి బ్యాగులో అప్పటికే ల్యాప్‌టాప్, దాని చార్జరు, రెండు జతల బట్టలు. అదీ కాటా మీద పెట్టించింది. 6.9.

వెనక క్యూలో జనం. నేను నేల మీద గొంతుకూర్చుని బ్యాగ్ జిప్పు తీశాను. పంచె విప్పగానే ఆవకాయ వాసన గుప్పుమంది. వెనకాల ఒకాయన "ఆహా, కొత్తావకాయా!" అన్నాడు. ఆయన మెచ్చుకున్నాడో వెటకారం చేశాడో తెలియదు గానీ, నాకు మాత్రం తల ఎత్తబుద్ధి కాలేదు. ఇరవై ఏళ్ల నుంచి పరాయి ఊళ్లో ఉద్యోగం చేస్తున్నవాణ్ని, పదిమంది ముందు అమ్మ కట్టిన మూటలు విప్పి ఏది ఉంచాలో ఏది వదలాలో తేల్చుకోవడం ఉంది చూశారూ, దానికి ఏ ఫీజు పేరూ లేదు.

నాన్న ఇంకా బయటే ఉన్నాడు. నన్ను దింపిన ఆటోలోనే తిరిగి వెళ్దామని ఆగాడట. ఫోన్ చేసి, గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన్ని బతిమాలి, బెల్లం అచ్చు తీసుకెళ్లి చేతిలో పెట్టాను. "ఏటైందిరా?" అన్నాడు. చెప్పాను. అచ్చుని రెండు చేతులతో పట్టుకుని, "మీ అమ్మకి చెప్పకు" అన్నాడు, అంతే. మిగిలిన కిలోన్నరని 2 కిలోలుగా లెక్కగట్టి డబ్బు కట్టించుకున్నారు. విమానంలో ఉప్మా కప్పులో వేడినీళ్లు పోసి ఇచ్చినదాని ధర గురించి రాస్తే ఇది వేరే జవాబు అవుతుంది, వదిలేస్తున్నా.

2003లో కెప్టెన్ గోపీనాథ్ ఎయిర్ డెక్కన్ అనే చవక విమానాల కంపెనీ మొదలుపెట్టి, తర్వాత రూపాయి టికెట్లు అమ్మినప్పుడు మా ఆఫీసులో పండగ చేసుకున్నాం. సామాన్యుడు విమానం ఎక్కాడు, నిజమే, కాదనను. కానీ సామాన్యుడు ఖాళీ చేతులతో ఊరెళ్లడు, ఖాళీ చేతులతో ఊరి నుంచి రాడు. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి సికింద్రాబాద్‌లో ఉంటాం. సీటు కింద జాడీ పెట్టుకుంటే ఎవడూ తూకం వెయ్యడు. మీరు గంటంబావు ప్రయాణం అంటారు గానీ, కూకట్‌పల్లి నుంచి శంషాబాద్ చేరడం, రెండు గంటల ముందు లైన్లో నిలబడటం, దిగాక బెల్టు దగ్గర కాపలా, ఇవన్నీ ఎవరి ఖాతాలో వేస్తారు?

ఆ రాత్రి అమ్మ ఫోన్ చేసి, "బెల్లం కరగలేదు కదా నాన్నా? చీమలు పట్టకుండా డబ్బాలో పెట్టు" అంది. పెట్టానమ్మా అన్నాను.

నాన్న దాన్ని ఇంటికే తీసుకెళ్లలేదు. అట్నుంచటే బస్టాండుకి వెళ్లి ఆర్టీసీ కార్గోలో వేసేశాడు. మూడో రోజు పార్సిల్ తెచ్చుకుని రసీదు చూశాను. విమానం వాళ్లు ఒక్క కిలోకి అడిగినదాంట్లో సగం కూడా లేదు, మొత్తం అచ్చుకి.