కూటమిలో చేరిన దేశానికి విదేశాంగ విధానంలో ఎంత స్వేచ్ఛ మిగులుతుంది?

చెన్నై పెరియమేట్‌లో మా బాబాయిది తోలు వ్యాపారం. "సరుకు కొనేది జర్మనీవాడు, సుంకం తగ్గించమని వాళ్లనే అడగొచ్చుగా?" అంటుంటారు. అడిగినా లాభం లేదు. జర్మనీ ఉన్న యూరోపియన్ యూనియన్‌లో బయటి సరుకు మీద సుంకం సభ్యదేశాలన్నిటికీ ఒకటే. ఒప్పందాలు మాట్లాడేది బ్రస్సెల్స్‌లోని కమిషన్, అంటే యూనియన్ కార్యనిర్వాహక విభాగం. వేరే దేశాల మీద పెట్టే ఆంక్షల లెక్క మాత్రం వేరు. 27 దేశాలూ ఒప్పుకోవాలి కాబట్టి చిన్న హంగరీ కూడా గట్టిగా బేరమాడుతుంది.

ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌లో ఇంత బిగింపు లేదు, ఏకాభిప్రాయం కుదిరితేనే ఏదైనా. 2012లో కంబోడియా అధ్యక్షతన దక్షిణ చైనా సముద్రం మీద పేచీ వచ్చి, 45 ఏళ్లలో తొలిసారి విదేశాంగ మంత్రుల ఉమ్మడి ప్రకటనే వెలువడలేదు. మరుసటి జనవరిలో ఫిలిప్పీన్స్ చైనా మీద ఒంటరిగానే అంతర్జాతీయ మధ్యవర్తిత్వానికి వెళ్లింది.