శంషాబాద్‌లో విమానం ఎక్కి కూర్చుంటే ఏసీ చల్లగా రాదెందుకు? గ్యాస్ తగ్గిపోయిందా?

ఏ320, 737 లాంటి విమానాల ఏసీలో గ్యాస్ అనేదే ఉండదండీ. చల్లదనం గాలితోనే పుడుతుంది. ఇంజిన్ నుంచో, తోకలోని ఏపీయూ అనే చిన్న సహాయక ఇంజిన్ నుంచో వచ్చే వేడి గాలి ప్యాక్‌లోకి, అంటే గాలిని చల్లబరిచే యూనిట్‌లోకి వెళ్తుంది. ఏ320లో ఇంజిన్ బ్లీడ్, అంటే ఇంజిన్ నుంచి తీసే గాలి, 200 డిగ్రీల దగ్గర ఉంటుంది. దాన్ని ఒక హీట్ ఎక్స్ఛేంజర్‌లో చల్లార్చి, కంప్రెసర్‌లో నొక్కి, రెండో ఎక్స్ఛేంజర్‌లో మళ్లీ చల్లార్చి, తడి తీసేసి, టర్బైన్‌లో వదిలితే చల్లబడుతుంది.

పైన ఎగురుతున్నప్పుడు ఎక్స్ఛేంజర్ మీదికి బయటి చల్లగాలి దానంతటదే దూసుకొస్తుంది. కింద ఆ పని టర్బైన్ షాఫ్ట్‌కే ఉన్న ఫ్యాన్ చేయాలి. మే నెల మధ్యాహ్నం అది లాగేది కాంక్రీటు మీద కాగిన గాలి. కాబట్టి కొంత వేడి సహజం.

మామూలు కంటే ఎక్కువ వేడిగా ఉంటే మాత్రం, నన్నడిగితే అసలు దొంగ హీట్ ఎక్స్ఛేంజరే. ప్యాక్ చల్లబరచట్లేదని స్నాగ్ (లోపం ఫిర్యాదు) రాయగానే ఎయిర్ సైకిల్ మెషీన్, అంటే ఆ కంప్రెసర్, టర్బైన్, ఫ్యాన్ ఉన్న భాగం, మార్చేసే అలవాటు మన దగ్గర బాగా ఉంది. ఖరీదైన మెషీన్ మారుతుంది, స్నాగ్ మళ్లీ వస్తుంది. ఎక్స్ఛేంజర్ విప్పి బయటి గాలి తగిలే ముఖం మీద టార్చి వేసి చూడండి: దుమ్ము, పీచు, పురుగుల రెక్కలు కలిసి బూడిదరంగు కంబళిలా పరుచుకుని ఉంటాయి. ఫిన్‌ల (పల్చటి రేకుల) మధ్య నుంచి వెలుగు అవతలికి పోదు. ముందు వైపు నుంచి గాలి కొట్టి శుభ్రం చేశామనుకుంటారు. దాంతో చెత్త ఇంకా లోపలికి పోతుంది. గాలి వచ్చే దిశకు ఎదురుగా, మాన్యువల్‌లో చెప్పిన ప్రెషర్‌తోనే కడగాలి. ప్రెషర్ ఎక్కువైతే ఫిన్‌లు వంగిపోతాయి.

ఏ320లో విప్పకముందే తేల్చుకోవచ్చు. రెండు ప్యాక్‌లూ ఏపీయూ మీద ఆన్ చేసి, టెంపరేచర్ సెలెక్టర్లు పూర్తి కోల్డ్‌లో పెట్టి, కాసేపాగి కాక్‌పిట్ తెర మీద బ్లీడ్ పేజీ చూడండి. ఫ్లో రెండింటికీ ఒకేలా ఉండి, ఒకదానిలో మాత్రం కంప్రెసర్ అవుట్‌లెట్ ఉష్ణోగ్రత బాగా ఎక్కువుంటే ఎక్స్ఛేంజర్‌నే అనుమానించండి. 260 డిగ్రీలు దాటితే ఓవర్‌హీట్ ఫాల్ట్ వస్తుంది. పొట్ట కింద ర్యామ్ ఎయిర్ (ఎక్స్ఛేంజర్‌ను చల్లార్చిన బయటి గాలి) బయటికొచ్చే చోట ఒకవైపు గాలి అసలు రాకపోతే షాఫ్ట్ పట్టేసిందేమో చూడాలి. మెషీన్ మార్చాల్సింది అప్పుడు. వాటర్ ఇంజెక్టర్‌ను ఎవరూ పట్టించుకోరు. వేరుచేసిన నీటిని ఎక్స్ఛేంజర్ ముందు చల్లేది అదే. నాజిల్ పూడుకుపోతే చల్లదనం తగ్గుతుంది.

బేలో (విమానం నిలిపే చోట) బయటి నుంచి తగిలించే గ్రౌండ్ ఏసీ గొట్టం గురించి కూడా చెప్పాలి. అది మడతపడి పడుంటే గాలి ఎక్కడికీ పోదు, ఎవరూ సరిచేయరు. ఏ320లో దాన్నీ ప్యాక్‌నీ కలిపి నడపకూడదు, గాలి వెనక్కి పోకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వులు టపటపా కొట్టుకుంటాయి.

ప్రయాణికులుగా మీరు కిటికీ షేడ్‌లు దించండి. టేకాఫ్ అయ్యాక కూడా వేడిగా ఉంటే ఏ వరుసలో ఉందో సిబ్బందికి చెప్పండి. రెండు ప్యాక్‌ల గాలీ మిక్సర్‌లో కలిశాకే క్యాబిన్‌కి వస్తుంది. ముందు చల్లగా ఉండి వెనక మాత్రమే ఉడుకుతుంటే తప్పు ప్యాక్‌ది కాదు, వెనక జోన్ గాలిలో వేడి గాలి కలిపే ట్రిమ్ ఎయిర్ వాల్వ్‌దో, ఊడిన డక్ట్‌దో అయ్యుంటుంది.