ఇటుక గోడకు వార్నిష్ వేయించవచ్చా?

ప్రశ్న: మాది రాజమండ్రి. తొమ్మిది అంగుళాల గోడ, బయట ప్లాస్టరింగ్ లేదు, ఎర్ర ఇటుకే కనిపిస్తుంది. వానాకాలంలో లోపలికి చెమ్మ దిగుతోంది. బయట వార్నిష్ కొట్టించమంటున్నారు. కొట్టించనా?

జవాబు: వద్దండీ. కాకినాడలో మా ఇంటికి నేను అదే చేశాను. మరుసటి ఏడాదికే ఇటుక పైపొర పెచ్చులుగా రాలింది, ఇప్పటికీ చూస్తే బాధే. మీది మధ్యలో ఖాళీ లేని ఒంటి గోడ. వానకు పీల్చుకున్న నీళ్లను ఎండకు బయటి ముఖం నుంచే వదలాలి. మధ్యలో ఖాళీ ఉన్న జంట గోడయితే, బయటి వరస తడిసినా నీళ్లు ఆ ఖాళీలోనే కిందికి జారిపోతాయి. వార్నిష్ వేసినా సన్నని పగుళ్ల గుండా నీళ్లు వెళ్తాయి, ఆరే దారి మాత్రం మూసుకుపోతుంది. ఇటుకలోని ఉప్పు ఆ పొర వెనకే పేరుకుని ఇటుకను చిట్లగొడుతుంది. ముందు సన్‌షేడ్లు, ఇటుకల మధ్య రాలిన అతుకులు చూడండి. ఆ అతుకులు పూడ్చే పని (పాయింటింగ్) సున్నం కలిపిన మాలుతోనే చేయించండి.